అప్‌డేట్: హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ కారు టైర్లు మార్చేశాను, వణుకు మాత్రం టైర్లది కాదు

వానలో ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు జారుతోంది, 90 దాటితే స్టీరింగ్ వణుకుతోంది, టైరు సైజు 195/55 ఆర్16 నుంచి కాస్త వెడల్పైన 205/55కి వెళ్లాలా అని నెల కిందట అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

"ముందు డాట్ నంబరు (టైరు మీద తయారీ వారం, ఏడాది చెప్పే అంకెలు), టైరు లోపలి అంచు చూడు" అన్న మాటే పనికొచ్చింది. 2421 అని ఉంది, అంటే 2021లో 24వ వారం తయారీ. బయటికి టైరు గాడులు బాగానే కనిపించాయి కానీ, చక్రాలు విప్పితే ముందు రెండింటికీ లోపలి అంచు నున్నగా అరిగిపోయి ఉంది. అలైన్‌మెంట్‌లో టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పిందన్నారు. వణుక్కి కారణం వేరే: బ్యాలెన్సింగ్ మిషన్ మీద తిప్పితే ఎడమ ముందు రిమ్ వంకర బయటపడింది. ఏ గుంతలో దింపానో నాకు బాగా తెలుసు!

సైజు మార్చలేదు. 205/55 వేస్తే చక్రం ఎత్తు 11 మిల్లీమీటర్లు పెరుగుతుంది, స్పీడోమీటర్ కూడా కాస్త తక్కువ చూపిస్తుంది. పాత సైజులోనే మిషెలిన్ ప్రైమసీ 4 నాలుగూ వేయించి, రిమ్ సరిచేయించాను. మొన్న జోరువానలో శంషాబాద్ వెళ్లొచ్చాను, టెన్షన్ లేదు. టైర్లలో నైట్రోజన్ నింపించు, 17 అంగుళాల అలాయ్ చక్రాలు వేయించు అన్న సలహాలు మాత్రం నా సమస్యకు సంబంధం లేనివే.