కేసు నడిస్తే ప్రేమ ఆగిపోతోంది, ప్రేమ నడిస్తే కేసు ఆగిపోతోంది. ఏం చేయాలి?

గట్టుమీదగాలి:
రొమాంటిక్ సస్పెన్స్ నవల ఒకటి రాస్తున్నా, సగం అయింది. భీమవరం దగ్గర ఒక ఊళ్లో తెల్లారేసరికి రొయ్యల చెరువులో శవం తేలుతుంది, ఆ చెరువు లీజుకు తీసుకున్నాయనే. కేసు చూసే సీఐ హీరో. ఆక్వా ల్యాబ్‌లో నీళ్లు టెస్ట్ చేసే అమ్మాయి హీరోయిన్. చనిపోయినాయన ల్యాబ్‌కి బాకీ, ముందురోజే దాని మీద ఇద్దరికీ పెద్ద గొడవైంది కాబట్టి అనుమానితుల్లో ఆమె పేరూ ఉంది. ఇక్కడిదాకా బానే ఉంది. కానీ వీళ్లు ప్రేమలో పడ్డాక మూడు అధ్యాయాల పాటు హత్య సంగతి ఎవరికీ పట్టదు, మళ్లీ కేసులోకి వెళ్తే ప్రేమ మాయం. చదివిన ఫ్రెండ్ "రెండు సీరియల్స్ కలిపి బైండింగ్ చేయించినట్టుంది" అంది. పోలీసు పద్ధతులు తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి, ఇద్దరూ మొదట కలిసేది ఆమెను స్టేషన్‌కి పిలిపించి ప్రశ్నించే సీన్‌లో.

పాతఖాకీ:
సీఐ అని పెట్టడం కరెక్టే. మన దగ్గర హత్య కేసు ఎస్సై రిజిస్టర్ చేసినా దర్యాప్తు సీఐదే. ఆ మొదటి సీన్ మాత్రం మార్చండి. ఆడవాళ్లను విచారించాలంటే వాళ్లుండే చోటికే వెళ్లాలి, స్టేషన్‌కి రమ్మని పట్టుబట్టడానికి లేదు. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 160 సెక్షన్, దాని బదులు 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 179. ఇది మీకు కలిసొచ్చేదే. సీఐ మహిళా కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్తాడు, వాళ్లమ్మ మజ్జిగ గ్లాసు పట్టుకుని ఇవ్వాలా వద్దా అని గుమ్మంలోనే ఆగిపోతుంది, ఎదురింటివాళ్లు అరుగు మీదే ఉన్నారు. అతను గొడవ గురించి అడుగుతుంటే ఆమె గొంతు తగ్గించేది పోలీసంటే భయంతో కాదు, అమ్మకి వినపడకూడదని. అది అతను గమనించాలి.

ఇంకోటి, స్టేట్‌మెంట్ కింద సంతకం పెట్టించకండి. పోలీసు రాసుకునే వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండదు. అంటే ఆమె చెప్పినదాంట్లో ఏది రాశాడు, ఏది వదిలేశాడు అన్నది అతని చేతిలో పని. "రాత్రి రెండింటికి చెరువు గట్టు మీదికి వెళ్లాను" అని ఆమె అంటుంది, అతని పెన్ను ఆగుతుంది, ఆ వాక్యం రాయడు. ఇక చూస్కోండి, అక్కణ్నుంచి ప్రతి ప్రేమ సీన్‌లోనూ ఆ వాక్యం ఉంటుంది.

వనామీబాబు:
నేను పోలీసుని కాదు, చెరువుల మనిషిని. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుందండి, అందుకే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. గట్టు మీద పడుకునే కాపలావాడికి ఆ చప్పుడుంటేనే నిద్ర, ఆగిందంటే లేచి కూర్చుంటాడు. మరి ఆ రాత్రి ఆపిందెవరు, వాడు ఎందుకు లేవలేదు? కరెంటు పోయిందంటారా, జనరేటర్ ఉంటుంది కదా. ఏరియేటర్లు ఆగితే ఆ సంగతి పొద్దున్నే తీసిన ఆక్సిజన్ రీడింగ్‌లో కనబడుతుంది, ఆ రీడింగ్ తీసింది మీ హీరోయినే అనుకోండి. హత్య ఎప్పుడు జరిగిందో చెప్పే కాగితం ఆమె దగ్గరుంది, అది చూపిస్తే ఆమె ఆ టైముకి అక్కడున్నట్టూ తెలిసిపోతుంది.

నల్లకోటు:
పైనాయన చెప్పింది బాగుంది. దానికి తోడు శవం నీళ్లలో దొరికింది కాబట్టి డయాటమ్ టెస్ట్ వస్తుంది. బతికుండగా మునిగితే నీళ్లలోని డయాటమ్‌లు అనే సూక్ష్మమైన నాచు ఎముక మజ్జ దాకా చేరుతుంది, చంపి పడేస్తే మామూలుగా చేరదు. చెరువు నీళ్ల శాంపిల్‌తో పోల్చి చూస్తారు. అయితే దీని ఒక్కదాని మీదే కేసు నిలబడదు, పైగా ఆ శాంపిల్ ఆమె చేత మాత్రం తీయించకండి, కోర్టులో అక్కడే పట్టుకుంటారు.

మీ కథలో అసలు ప్రమాదం వేరే ఉంది. దర్యాప్తు అధికారికి అనుమానితురాలితో ప్రేమ వ్యవహారం ఉందని బయటపడితే లాభం ఎవరికి? అసలు హంతకుడికి! రేపు వాడి లాయర్ క్రాస్‌లో అడిగే మొదటి ప్రశ్నే అది: "ఆవిణ్ని తప్పించడానికి మా క్లయింట్‌ని ఇరికించారు, అవునా?" కాబట్టి వీళ్లిద్దరూ దగ్గరవ్వాలని కోరుకునేది హంతకుడే. వాడు వీళ్ల ఫొటో తీసి దాచుకుంటాడు, అరెస్టయ్యేదాకా బయటపెట్టడు. రిమాండ్ మొదలైన 90 రోజుల్లో చార్జిషీట్ పడకపోతే బెయిల్ వాడి హక్కు అవుతుంది. ఆ 90 రోజులు మీ రెండో సగం.

రాత్రిచదువరి:
సెక్షన్లన్నీ సరే గానీ నాలాంటివాళ్లు ఈ పుస్తకాలు చదివేది "ఆమే చంపిందేమో" అనే టెన్షన్ కోసం. మీరు సగం అధ్యాయాలు ఆమె మనసులోంచి రాస్తున్నారా? అయితే ఆమె అమాయకురాలని మాకు ముందే తెలిసిపోతుంది, ఇక అతను అనుమానించినప్పుడల్లా వాడి మీద చిరాకు తప్ప ఇంకేం రాదు. మొత్తం అతని కళ్లతోనే చూపించండి. ఇంకా, దయచేసి వానలో ముద్దు సీన్ వద్దు.

గట్టుమీదగాలి:
వానలో ముద్దు ఆల్రెడీ ఉంది 😅 తీసేస్తా. ఆమె వైపు అధ్యాయాలు కూడా. అయితే నల్లకోటు గారూ, వదిలేసిన ఆ వాక్యం ఆమె నేరుగా మేజిస్ట్రేట్ ముందు చెప్పేస్తే?

నల్లకోటు:
చెప్పొచ్చు, సాక్షిగా బీఎన్ఎస్ఎస్ 183 కింద. ఆ గదిలో పోలీసులు ఉండరు, మీవాడు కోర్టు వరండాలో నిలబడాల్సిందే. తర్వాత కాపీ అతని చేతికే వస్తుంది. అక్కడ అతనిచేత చదివించండి.