బారెల్ ప్రూఫ్ బోర్బన్‌కు మార్కులు వేసేటప్పుడు నీళ్లు కలపవచ్చా?

పీపారాయుడు:
ఎలైజా క్రెయిగ్ బారెల్ ప్రూఫ్ అనే బోర్బన్ (ప్రధానంగా మొక్కజొన్నతో చేసే అమెరికా విస్కీ) సి923 విడత మీద మా మిత్రబృందంలో వాదన తెగడం లేదు. దాని వయసు 13 ఏళ్ల 7 నెలలు, బలం 133 ప్రూఫ్, అంటే 66.5 శాతం ఆల్కహాలు. చుక్క నీరు కలపకుండా రుచి చూసి మార్కులు వేయడమే న్యాయమని నా అభిప్రాయం. పీపాలో ఉన్న బలంతోనే సీసాలో పోసి అమ్మిన సరుకును మనం పలుచన చేసి తీర్పు చెబితే, అది మనం కలుపుకున్న పానీయానికి తీర్పు అవుతుంది గాని ఆ సీసాకు కాదు. పైగా ఒకరు అరచెంచా, మరొకరు రెండు చెంచాలు కలిపితే ఇద్దరి మార్కులను ఎలా పోలుస్తాం?

కెంటకీవాసి:
పీపారాయుడు గారూ, మీ చివరి ప్రశ్న గట్టిదే. మొదటి వాదన మాత్రం నిలవదు. అమెరికా నిబంధనల ప్రకారం బోర్బన్‌ను 160 ప్రూఫ్‌కు మించకుండా బట్టీ పట్టాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో 125 ప్రూఫ్‌కు మించకుండా నింపాలి. అంతకంటే ఘాటుగా దిగిన మద్యాన్ని నీటితో తగ్గించాకే పీపాకెక్కిస్తారు. మేకర్స్ మార్క్ అనే బోర్బన్ తయారీదారులు 110కే ఎక్కిస్తారు. ఆ తర్వాత బోర్బన్ ఎక్కువగా తయారయ్యే కెంటకీ రాష్ట్రపు వేసవిలో గోదాము పై అంతస్తులు వేడెక్కి, కొయ్య గుండా ఆల్కహాలు కంటే నీరే ఎక్కువగా పోవడం వల్ల ప్రూఫ్ పెరుగుతుంది. కనుక 133 అన్న అంకెలో మనిషి నిర్ణయం ఎంతో, ఎండ నిర్ణయమూ అంతే. నీరు తగిలితే మైలపడుతుందన్నట్టు మాట్లాడడం నాకు వింతగా తోస్తుంది.

వాసన విషయంలో మరో సంగతి ఉంది. 2017లో స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ కంప్యూటర్ నమూనాలతో పరిశీలించగా, పొగవాసననిచ్చే గ్వయకోల్ 45 శాతం ఆల్కహాలు వరకు ద్రవం ఉపరితలం దగ్గరే నిలుస్తుందనీ, 59 శాతం దాటితే ఆల్కహాలు అణువులు చుట్టుముట్టి దాన్ని లోపలే ఉంచుతాయనీ తేలింది. వారు మాట్లాడింది ప్రధానంగా స్కాచ్ గురించే అయినా, కాల్చిన ఓక్ నుంచీ గ్వయకోల్ వస్తుంది కదా.

పీపారాయుడు:
ఎండ ఒక్కటే నిర్ణయిస్తే 2021లో జార్జ్ టి. స్టాగ్ అనే బారెల్ ప్రూఫ్ బోర్బన్ ఎందుకు రాలేదు? పీపాలు తమ ప్రమాణానికి తగ్గట్టు లేవని చెప్పి దాని తయారీదారులైన బఫెలో ట్రేస్ బట్టీ వారు ఆ ఏడాది దాన్ని విడుదలే చేయలేదు. ఏది సీసాకెక్కాలో ఎవరో నాలుకతో తేలుస్తున్నారన్నమాట. నీరు పోస్తే నోట్లోని ఆ నూనెలాంటి చిక్కదనం పోతుంది. నేను డబ్బు పెట్టేది దానికే.

కెంటకీవాసి:
చిక్కదనం తగ్గుతుందని ఒప్పుకుంటాను. అందుకే మొదటి మార్కు సీసా బలం మీదే వేస్తాను: గ్లాసును పది నిమిషాలు వదిలేసి, ముక్కును అంచులోకి దూర్చకుండా, పెదవులు కాస్త తెరిచి వాసన చూసి, చిన్న గుక్కను నాలుకంతా తిప్పి ఉమ్మేయడం. రెండు మూడు గుక్కలకే నాలుక మొద్దుబారుతుంది కనుక ఇలాంటివాటిని వరుసలో చివరికి ఉంచాలి.

రెండో మార్కు 100 ప్రూఫ్ దగ్గర. ప్రభుత్వ పర్యవేక్షణలోని గోదాముల్లో నిల్వ చేసి సీసాకెక్కించే మద్యానికి 1897 నాటి అమెరికా బాటిల్డ్ ఇన్ బాండ్ చట్టం నిర్దేశించిన బలం అదే కాబట్టి అందరికీ ఒకే కొలత దొరుకుతుంది. మీ పోలిక ప్రశ్నకు నా జవాబు ఇది. 30 మిల్లీలీటర్ల సి923కి సుమారు 10 మిల్లీలీటర్ల నీరు సరిపోతుంది. పుష్కరం దాటిన బోర్బన్‌కు ఈ పరీక్ష తప్పనిసరి అంటాను. మంట, తీపి కలిసి కొయ్య వగరును కప్పిపెడతాయి. అవి తగ్గాక వనిల్లా, బెల్లప్పాకం నిలబడ్డాయా, లేక వక్క నమిలినట్టు చిగుళ్లు పట్టేశాయా అన్నది తెలిసిపోతుంది. వగరు మిగిలితే వయసు ఎంతైనా నేను మార్కులు కోసేస్తాను.

పీపారాయుడు:
100 ప్రూఫ్ మార్కును పక్కన రాసుకోవడానికి అభ్యంతరం లేదు. కొనాలా వద్దా అన్నది మాత్రం సీసా బలం మీద వేసిన మార్కుతోనే తేలుస్తాను.

కొత్తగుక్క:
నీరు కలిపాక గ్లాసులో మసక కమ్మింది. సీసా చెడిపోయినట్టా?

కెంటకీవాసి:
లేదండీ. చల్లబరిచి వడగట్టని విస్కీలో బలం తగ్గితే, ముఖ్యంగా చల్లటి నీరు పోస్తే, కొవ్వు ఆమ్లాల ఎస్టర్లు (విస్కీలో సహజంగా ఉండే నూనెలాంటి పదార్థాలు) విడివడి మసకబారుతుంది. దానికి మార్కులు తగ్గించకండి.