సందులో పుచ్చు: ఇప్పుడే తవ్వాలా, ఆగి చూడాలా?

ఎనామెల్_తిరుపతి:
దవడ పళ్ల సందులో పుచ్చు. బైట్‌వింగ్ ఎక్స్‌రేలో (పళ్ల సందులు కనబడేలా తీసేది) నీడ ఎనామెల్ (పంటి పైపొర) దాటి డెంటిన్‌ను (దాని కింది పొర) కొద్దిగా తాకింది. నొప్పి లేదు, పైకి గుంత కనబడదు. ఒక క్లినిక్‌లో ఫిల్లింగ్ అంటారు, పక్క వీధిలో ఆగుదామంటారు. పన్ను అదే, మాట మారుతోంది. చాలాసార్లు మనం డెంటిస్టులం పంటిని కాదు, పేషెంట్ మళ్లీ వస్తాడా రాడా అన్నది చూసి డ్రిల్ పట్టుకుంటున్నాం. అది తప్పంటాను.

పుంగనూరు_దారి:
ఒప్పుకోను సార్. కూలి మానుకుని పుంగనూరు నుంచి తిరుపతికి బస్సెక్కి వచ్చినవాళ్లకు "ఆరు నెలలకు రండి" అంటే వస్తారా? మామిడి కోతల్లో అయితే అసలు రారు. రాత్రంతా నిద్ర పట్టనప్పుడే వస్తారు. అప్పటికి రూట్ కెనాల్, దానికి డబ్బు లేకపోతే పీకుడే.

ఎనామెల్_తిరుపతి:
రారన్నది నిజమే. కానీ తవ్వితే పోయేది కూడా లెక్కేయండి. సందులో బాక్స్ కట్ చేసేటప్పుడు (ఫిల్లింగ్ కోసం పెట్టెలా తవ్వేటప్పుడు) బర్ (డ్రిల్ మొన) పక్క పంటిని గీకడం మామూలే, మధ్యలో స్టీల్ మ్యాట్రిక్స్ (పలచటి రేకు) పెట్టకపోతే మరీను. ఆ గీతలో మళ్లీ పుచ్చు మొదలవుతుంది. ఫిల్లింగూ శాశ్వతం కాదు, మార్చిన ప్రతిసారీ గుంత పెద్దదవుతుంది.

నీడ అక్కడిదాకా వచ్చినంత మాత్రాన పైపొర విరిగినట్టు కాదు. అనుమానం ఉంటే పళ్లకు క్లిప్పులు వేసేవాళ్లు వాడే రబ్బరు సెపరేటర్‌ను (చిన్న రింగు) సందులో పెట్టండి. 2–3 రోజుల్లో పళ్ల మధ్య కాస్త ఎడం వస్తుంది. గాలితో ఆరబెట్టి, గుండ్రటి మొన ప్రోబ్‌తో మెల్లగా తడమండి. సూది మొనతో గుచ్చితే గట్టిగా ఉన్న పొర కూడా విరుగుతుంది.

పుంగనూరు_దారి:
సెపరేటర్ అంటే రెండోసారి రావాలిగా!

ఎనామెల్_తిరుపతి:
కుదరకపోతే ఆ సందులో చిగురు చూడండి. తాకగానే రక్తం వస్తోందా, వేరే పళ్లలో కొత్త పుచ్చులున్నాయా, రోజుకు ఎన్నిసార్లు తీపి టీ తాగుతున్నారు? ఇవన్నీ ఉండి, నీడ డెంటిన్‌లోకి దిగిందంటే ఫిల్లింగ్ చేయండి, నేనూ అంటాను. లేదంటే 5% సోడియం ఫ్లోరైడ్ వార్నిష్ (పంటిని గట్టిపరిచే పూత) ఆ పూటే పూయండి. పళ్లు ఆరబెట్టి పలచగా పూస్తే చాలు, ఆ రాత్రి బ్రష్ వద్దనండి.

చిత్తూరు_పాలపళ్లు:
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఫిల్లింగ్‌కు బిల్లుంది. పావుగంట కూర్చుని బ్రష్ చేయడం నేర్పితే బిల్లు లేదు. అద్దె కట్టే క్లినిక్‌లో ఇది నిర్ణయాన్ని లాగుతుంది. వార్నిష్‌కు, సలహాకు కలిపి ఒక ఫీజు బోర్డు మీద రాయాలి.

పిల్లల పాలపళ్లలో గుంత పడ్డాక కూడా డ్రిల్ ఒక్కటే దారి కాదు. 38% సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అని పుచ్చును ఆపే ద్రవం ఉంది. చిగుళ్లకు వ్యాజలిన్ రాసి, పంటిని దూదితో ఆరబెట్టి, ఒక నిమిషం అద్దాలి, ఆరు నెలలకు మళ్లీ అద్దాలి. పుచ్చు గట్టిపడుతుంది కానీ నల్లగా మారుతుంది. ముందు పళ్లయితే తల్లికి ఫోటో చూపించి, ఒప్పుకున్నాకే చేయాలి. అది చెప్పకపోతే గొడవలొస్తాయి.

పుంగనూరు_దారి:
ఫీజు మాట బాగుంది మేడమ్. వార్నిష్ సరే. ఇంటికెళ్లి వేపపుల్ల, పళ్లపొడి వాడితే?

చిత్తూరు_పాలపళ్లు:
వాటితో ఫ్లోరైడ్ అందదు సార్. 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి) ఫ్లోరైడ్ పేస్ట్ పేరు చీటీ మీద రాసివ్వండి. రోజుకు రెండుసార్లు, ఉమ్మేశాక నీళ్లతో పుక్కిలించొద్దని చెప్పండి. అదే చీటీలో పంటి నంబరు, ఏ వైపు, తేదీ రాయండి. వాళ్లు తర్వాత మదనపల్లెలో చూపించుకున్నా, అక్కడి డాక్టర్‌కు పుచ్చు పెరిగిందో ఆగిందో తెలుస్తుంది.