‘గుర్తు’ అనే మాట గురించి: గుర్తుండటం, గుర్తుపట్టడం

అందరికీ నమస్కారం. పదిహేను రోజులుగా ఒక వాక్యం నన్ను వదలడం లేదు. మా పెద్దమ్మకు మతిమరుపు జబ్బు బాగా ముదిరింది. మొన్న వెళ్లి మంచం పక్కన కూర్చుని, “పెద్దమ్మా, నేను గుర్తున్నానా?” అనడిగాను. ఏమీ అనలేదు. నా చెయ్యి తీసుకుని, బొటనవేలి మీద చిన్నప్పుడు తెగిన మచ్చను కాసేపు తడిమింది. తర్వాత, “పేరు గుర్తు రావట్లేదు గానీ నిన్ను గుర్తుపట్టానురా” అంది.

ఒకే వాక్యంలో ‘గుర్తు’ రెండుసార్లు. మొదటిది జ్ఞాపకం, రెండోది పోల్చుకోవడం. ఆవిడ తడిమిన ఆ మచ్చ ఉందే, దాన్నీ మనం గుర్తే అంటాం.

ఈ మాటకు పాత రూపం ‘గుఱుతు’, శకటరేఫంతో, అంటే బండి ‘ఱ’తో. ‘గుఱి’ దీనికి దగ్గరి చుట్టం. కన్నడంలో గురుతు, తమిళంలో కుఱి. అన్నిచోట్లా కంటికి ఆనే చిహ్నం అనే అర్థం ఉంది. కాబట్టి మనసులో నిలిచినదనే అర్థం దాన్నుంచే పుట్టి ఉంటుందని నా నమ్మకం. సరే, ఇది దేశ్యపదం, మరి ‘జ్ఞాపకం’ సంగతేమిటని చూస్తే ఇంకా ఆశ్చర్యం. సంస్కృతంలో జ్ఞాపకం అంటే తెలియజేసేది, సూచించేది. పాణిని సూత్రంలో ఒక మాట, పైకి చెప్పని మరో నియమాన్ని పట్టి ఇస్తే వ్యాకరణవేత్తలు దాన్ని ‘జ్ఞాపకం’ అంటారు. మనం జ్ఞాపకం అనేదానికి అక్కడ వాడే మాటలు స్మృతి, స్మరణ. అంటే మన రెండు మాటలూ బయలుదేరింది ఒకే చోటి నుంచి: దేన్నో చూపించే ఆనవాలు. దాచిపెట్టిన మూట అనే ఊహ రెండింటిలోనూ లేదు.

క్రియలు కూడా చూడండి. ‘నాకు గుర్తుంది’, ‘నాకు గుర్తొచ్చింది’. ఇక్కడ కర్తను నేను కాదు, వచ్చేది అది. ‘గుర్తుపట్టాను’ అన్నప్పుడు మాత్రం పట్టేది నేనే. పెద్దమ్మకు రావడం ఆగిపోయింది, పట్టడం ఇంకా మిగిలింది. ఈ తేడాను మీరెవరైనా ఇంతకు ముందు గమనించారా?

వ్యాఖ్య: చదువుతుంటే కళ్లు చెమర్చాయండీ. కానీ ఒక సందేహం. గీత రెండో అధ్యాయం 63వ శ్లోకం స్మృతి చెడితే బుద్ధి నశిస్తుందని, బుద్ధి నశిస్తే మనిషే నశిస్తాడని అంటుంది కదా. ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ కూడా 1694లో ఇంచుమించు ఇలాగే రాశాడు: అప్పుడు ఆ పని చేసింది నేనేనన్న స్పృహ ఎంతవరకు చేరుతుందో, అంతవరకే ఆ మనిషీ ఈ మనిషీ ఒకరు. ఆ లెక్కన జ్ఞాపకం పోతే మనిషి పోయినట్టేనా?

జవాబు: నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదండీ. గీతలో అది కోపం గురించిన వరుస. కోపంతో మోహం, మోహంతో స్మృతి చెదరడం. అక్కడి స్మృతిని శంకరులు శాస్త్రం, గురువు చెప్పినదాని జ్ఞాపకంగానే వివరించారు. దాన్ని తెచ్చి జబ్బు మనిషికి అంటగట్టడం అన్యాయం. లాక్ మాటకు 1785లో స్కాట్లండ్ తత్వవేత్త థామస్ రీడ్ అడ్డు చెప్పాడు: ముసలి సేనానికి తన యౌవనం గుర్తుంది, యౌవనంలో ఉన్నప్పుడు బాల్యం గుర్తుంది, ఇప్పుడు ఆ బాల్యం గుర్తు లేదు. అంతమాత్రాన ఆ పిల్లాడు వేరే మనిషి అవుతాడా?

నాకు మన పాత తర్కశాస్త్రమైన న్యాయదర్శనపు మూలగ్రంథం, న్యాయసూత్రాల మూడో అధ్యాయం మొదట్లోని వాదన దగ్గరగా అనిపిస్తుంది. కంటితో చూసినదాన్నే చేత్తో తాకి ‘ఇది అదే’ అనుకుంటాం. చూసింది, తాకింది ఒక్కరే కాకపోతే అది కుదరదు, కాబట్టి ఆత్మ ఉందంటారు నైయాయికులు, అంటే ఆ దర్శనం వాళ్లు. ఆత్మ లేదనే బౌద్ధులు ఒప్పుకోలేదు, ఆ తగువు శతాబ్దాలు నడిచింది. ఎవరు నెగ్గారో నేను తేల్చలేను గానీ, ఆ మచ్చ మీద వేలు ఆగినప్పుడు ‘ఇది అదే’ అన్నవాళ్లు ఒకరు అక్కడ ఉన్నారని మాత్రం గట్టిగా చెప్పగలను.

మరో వ్యాఖ్య: ‘మైమరచు’ కూడా ఈ వరుసలో కలపండి. మెయి అంటే ఒళ్లు. తన్ను తాను మరిచిపోయినవాణ్ణి మనం ఒళ్లు మరిచాడంటాం, ఆత్మను మరిచాడనం. స్పృహ లేకపోతే ‘ఒళ్లు తెలియడం లేదు’ అంటాం.

జవాబు: చాలా మంచి మాట చెప్పారు, నాకు తట్టనే లేదు. ఇంకొకటి. ‘నేను గుర్తున్నానా?’ అన్న నా ప్రశ్నలో అసలు క్రియ ‘ఉన్నానా’. అడిగింది నా ఉనికి గురించి, జవాబు వెతుక్కునే బరువు మాత్రం ఆవిడ మీద వేశాను. పాపం, ఎంత టెన్షన్ పడిందో. ఇకనుంచి వెళ్లగానే నా పేరు నేనే చెప్పి కూర్చుంటాను.