ప్రపంచ విజేత మంచి శిక్షకుడు కాగలడా? బడ్డీ మెక్‌గర్ట్ గురించి తెలిసినవారు చెప్పగలరు

ప్రశ్న (పెరంబూరు, చెన్నై)

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు నుంచి వచ్చి రెండు తరాలుగా పెరంబూరులో స్థిరపడిన కుటుంబం. మా తమ్ముడు కాలేజీలో చదువుకుంటూ అమెచ్యూర్ బాక్సింగ్‌లో జిల్లా స్థాయి పోటీలకు వెళ్తున్నాడు. ఇంతవరకు నేర్పిన కోచ్ గారు తాము పెద్ద పోటీల్లో తలపడినవారు కాకపోయినా, కాళ్ల కదలిక దగ్గర నుంచి ఎంతో ఓపికగా నేర్పారు. ఇప్పుడు ప్రొఫెషనల్‌గా ఆడి పేరు తెచ్చుకున్న ఒకాయన తమ్ముణ్ణి తన దగ్గరకు పంపమని అడుగుతున్నారు. తమ్ముడికి వెళ్లాలనే ఉంది. మా అమ్మ మాత్రం, తాను దెబ్బలు తిని తట్టుకున్న మనిషికి ఎదుటి పిల్లవాడి దెబ్బ చిన్నదిగా కనిపిస్తుందేమో అని భయపడుతున్నారు. ఆ మాటకు నేను జవాబు చెప్పలేకపోయాను. విజేతగా, తరువాత శిక్షకుడిగా రెండు విధాలా గొప్పవాడని అమెరికా బాక్సర్ బడ్డీ మెక్‌గర్ట్ పేరు చాలాసార్లు విన్నాను. ఆయన జీవితాన్ని గమనించినవారు వివరంగా చెప్పగలరా?

జవాబు 1 (రాయపురం)

ముందుగా ఆయన ఆట గురించి చెబుతాను, ఎందుకంటే ఆయన నేర్పిన తీరు అంతా అందులోంచి పుట్టిందే. న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రెంట్‌వుడ్‌కు చెందిన మెక్‌గర్ట్ 1982లో ప్రొఫెషనల్ అయ్యాడు. 1986లో ఫ్రాంకీ వారెన్ చేతిలో ఓడిపోయి, 1988 ఫిబ్రవరిలో అదే వారెన్‌ను పన్నెండో రౌండులో ఆపి ఐబీఎఫ్ అనే ప్రపంచ బాక్సింగ్ సంస్థ ఇచ్చే జూనియర్ వెల్టర్‌వెయిట్ (ఒక బరువు విభాగం) టైటిల్ గెలిచాడు. ఆ సంవత్సరమే మెల్‌డ్రిక్ టేలర్ దాన్ని లాగేసుకున్నాడు. అక్కడితో కథ ముగిసిందని అనుకున్నవారు చాలామంది. కానీ 1991 నవంబరులో, అప్పట్లో అందరూ భయపడే సైమన్ బ్రౌన్‌ను లాస్ వేగాస్‌లో జాబ్‌తో (ముందు చేత్తో సూటిగా వేసే దెబ్బ), దూరం పాటించడంతో, పన్నెండు రౌండ్లూ తన లెక్క ప్రకారం ఆడించి, పదో రౌండులో కింద కూడా పడేసి మరో సంస్థ డబ్ల్యూబీసీ ఇచ్చే వెల్టర్‌వెయిట్ టైటిల్ అందుకున్నాడు. బాక్సింగ్ నేర్చుకునే పిల్లలకు నేను మొదట చూపించేది ఆ పోటీయే.

1993 మార్చిలో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పెర్నెల్ విటేకర్‌తో పోటీకి దిగేనాటికి ఆయన ఎడమ భుజం దెబ్బతిని ఉంది. ఆయన ఆటకు ప్రాణమైన జాబ్, ఎడమ హుక్ (చెయ్యి వంచి పక్కనుంచి వేసే దెబ్బ) రెండూ ఆ చేతివే. ఆ రాత్రి టైటిల్ పోయింది, తరువాత భుజానికి శస్త్రచికిత్స జరిగింది, 1994లో విటేకర్‌తో జరిగిన రెండో పోటీ కూడా దక్కలేదు. 1997లో 73 గెలుపులు, 6 ఓటములు, 1 డ్రాతో ఆట చాలించాడు.

శిక్షకుడిగా ఆయన ఘనత ఆర్టురో గాటీతో మొదలైందని నేను భావిస్తాను. 2001లో ఆస్కార్ డి లా హోయా చేతిలో గాటీ ఐదో రౌండులోనే చిత్తయ్యాక, ముందుకు దూసుకెళ్లి దెబ్బకు దెబ్బ మార్చుకోవడం తప్ప మరేమీ తెలియదని పేరుపడ్డ ఆ మనిషిని మెక్‌గర్ట్ తన దగ్గర చేర్చుకున్నాడు. నిజానికి గాటీకి చేతి వేగమూ ఉంది, కాళ్లూ ఉన్నాయి. వాటిని వాడుకునే నిబ్బరమే లేదు. 2002 మే నెలలో మిక్కీ వార్డ్‌తో జరిగిన మొదటి పోటీలో ఆ పాత అలవాటే గెలిచింది. తొమ్మిదో రౌండులో పక్కటెముకల దిగువన పడిన ఎడమ హుక్‌కు గాటీ మోకాళ్ల మీద కూలిపోయాడు, చివరకు జడ్జీల నిర్ణయంలో ఓడిపోయాడు. ఆరు నెలల తరువాత జరిగిన రెండో పోటీలో కనిపించింది మరో మనిషి. దూరం నిలుపుకొని, కొట్టి పక్కకు తప్పుకొని, వార్డ్‌ను మూడో రౌండులో పడగొట్టి స్పష్టంగా గెలిచాడు. 2003 జూన్‌లో జరిగిన మూడో పోటీలో నాలుగో రౌండులోనే కుడి చెయ్యి విరిగినా ఎడమచేత్తో పోటీని లాక్కొచ్చాడు. ఒక చెయ్యి పనికిరాకుండా పన్నెండు రౌండ్లు ఎలా గడపాలో తన ఒంటితో తెలుసుకున్న శిక్షకుడు ఆ రాత్రి అతని మూలలో (రౌండ్ల మధ్య విరామంలో బాక్సర్ వచ్చి కూర్చునే రింగు మూల) ఉన్నాడు. మీ ప్రశ్నకు నా జవాబు అక్కడే ఉంది: విజేత నేర్పగలిగినది మరొకరు నేర్పలేని సందర్భాలు ఉంటాయి.

జవాబు 2 (అంబత్తూరు)

పై మిత్రులు చెప్పిన వివరాలన్నీ సరైనవే, కానీ వారి ముగింపుతో నేను ఏకీభవించలేను. ముహమ్మద్ అలీ మూలలో నిలిచిన ఏంజెలో డండీ ప్రొఫెషనల్ బాక్సర్ కాదు. ఎడ్డీ ఫచ్‌కు గుండెలో లోపం బయటపడినందువల్ల ప్రొఫెషనల్ అయ్యే అవకాశమే దొరకలేదు. అదే ఫచ్ 1975 అక్టోబరు 1న మనీలాలో, అలీతో పద్నాలుగు రౌండ్లు పోరాడి కన్ను దాదాపు మూసుకుపోయిన జో ఫ్రేజియర్‌ను, అతడు వద్దని మొత్తుకుంటున్నా, పదిహేనో రౌండుకు పంపకుండా ఆపేశారు. ఒక్క రౌండు మిగిలి ఉండగా ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ గెలిచే అవకాశాన్ని వదులుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. మీ తమ్ముడికి ఇన్నేళ్లు ఓపికగా నేర్పిన కోచ్ గారిని, టైటిళ్లు లేవన్న కారణంతో తక్కువ చేయవద్దని మనవి.

జవాబు 3 (వ్యాసర్పాడి)

అమ్మగారి భయం గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు కనుక రాస్తున్నాను. అసలు ప్రశ్న అదేనని నాకు అనిపిస్తోంది.

2005 జూన్‌లో అట్లాంటిక్ సిటీలో ఫ్లాయిడ్ మేవెదర్ చేతిలో గాటీ దెబ్బల మీద దెబ్బలు తింటున్నప్పుడు, ఆరో రౌండు ముగియగానే మెక్‌గర్ట్ పోటీ ఆపించాడు. ఆ ఊరిలో గాటీని దేవుడిలా చూసే జనం మధ్య ఆ పని చేశాడు.

2019 జూన్‌లో మెక్‌గర్ట్‌కు కనస్టోటాలోని అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం దక్కింది. ఆ మరుసటి నెల, జూలై 19న, మేరీలాండ్‌లో ఆయన శిష్యుడు, ఇరవై ఎనిమిదేళ్ల రష్యన్ బాక్సర్ మాక్సిమ్ దదాషెవ్, సుబ్రియెల్ మాతియాస్‌తో తలపడ్డాడు. పదకొండో రౌండు ముగిసేసరికి దదాషెవ్ చాలా దెబ్బలు తిన్నాడు. ఆపేస్తానని మెక్‌గర్ట్ చెబుతుంటే అతడు తల అడ్డంగా ఊపాడు. మెక్‌గర్ట్ బతిమాలాడు, ఒప్పుకోకపోయేసరికి తానే రిఫరీకి చెప్పి ముగించాడు. మెదడులో రక్తం గడ్డకట్టడంతో అత్యవసర శస్త్రచికిత్స చేశారు. జూలై 23న దదాషెవ్ చనిపోయాడు. ఆ విరామంలో జరిగిన సంభాషణ కెమెరాల్లో నమోదైంది, నేను దాన్ని చూశాను. అందులో ఉన్నది దెబ్బను చిన్నదిగా చూసే మనిషి కాదు.

ఆపిన శిక్షకుడికి కూడా పిల్లవాడు దక్కలేదు. ఇది మీ అమ్మగారికి దాచకుండా చెప్పవలసిన సంగతి. తలకు తగిలే దెబ్బలు ఒక్కొక్కటిగా పెద్దవి కాకపోయినా, అన్నీ కలిసి ఏ క్షణంలో హద్దు దాటుతాయో మూలలో కూర్చున్నవారికి పైకి కనిపించదు. ఆ మరుసటి నెలలోనే చెల్యాబిన్స్క్‌లో ఆంథొనీ యార్డ్‌తో పోటీలో, ఎనిమిదో రౌండులో తూలిపోయిన సెర్గెయ్ కోవలెవ్‌ను మెక్‌గర్ట్ కొనసాగనిచ్చాడు. కోవలెవ్ తేరుకొని పదకొండో రౌండులో నాకౌట్‌తో గెలిచాడు. ఇలాంటి నిర్ణయం ప్రతి పోటీలోనూ ఒక్క నిమిషం విరామంలో తీసుకోవలసిందే, దానికి పాత టైటిల్ ఏదీ పూచీ ఉండదు.

మన ఉత్తర మద్రాసులో సార్పట్టా, ఇడియప్ప నాయకర్ అనే బాక్సింగ్ పరంపరల కాలం నుంచి వాద్యార్లు (గురువులు) చాలామంది ఆడి వచ్చినవారే. పరంపర పరువు కోసం ఎంత దూరమైనా వెళ్లాలన్న పట్టుదలను ఇక్కడ గౌరవిస్తాం. ఆ గౌరవం నాకూ ఉంది, కానీ అది పిల్లవాడి తల మీద పడకూడదు. కాబట్టి ఆ పెద్దమనిషి దగ్గరకు పంపే ముందు ఒక సాయంత్రం వెళ్లి స్పారింగ్ (అభ్యాసపు పోటీ) చూడండి. బలహీనుడు దెబ్బతిన్నప్పుడు ఆయన గంట మోగేవరకు ఆగుతారా, మధ్యలోనే ఆపుతారా? బరువులో, అనుభవంలో తేడా ఉన్నవారిని జతకడుతున్నారా? తలకు దెబ్బ తగిలి నాకౌట్ అయిన అమెచ్యూర్ కనీసం 30 రోజులు రింగుకు దూరంగా ఉండాలన్న నియమాన్ని అభ్యాసంలోనూ పాటిస్తారా అని నేరుగా అడగండి.

పెరంబూరు (ప్రశ్న అడిగినవారు)

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. దదాషెవ్ సంగతి అమ్మకు చెప్పాను. ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, ఆ శిక్షకుడు ఆపాడు కదా అని మాత్రమే అన్నారు. వచ్చే ఆదివారం తమ్ముడితో పాటు నేనూ వెళ్లి స్పారింగ్ చూస్తాను. పాత కోచ్ గారిని కూడా వెంట రమ్మని అడిగాను, వస్తామన్నారు. ఇద్దరూ ఒకే చోట కూర్చుని మాట్లాడుకున్నాక తమ్ముణ్ణి ఎక్కడికి పంపాలో నిర్ణయిస్తాం.