తొట్లకొండ కామిక్‌కి రంగులు వేస్తున్నాను, ఎక్కడో తేడా కొడుతోంది

మధురవాడ బొమ్మలు:
విశాఖ దగ్గర బౌద్ధ శిథిలాలున్న తొట్లకొండ గురించి 24 పేజీల కామిక్ చేస్తున్నానండి. 2 వేల ఏళ్ల కిందటి కథ, విహారంలో ఒక కుర్ర భిక్షువు, కింద ఒడ్డున దిగిన ఒక వర్తకుడు. ఇంకింగ్ అయిపోయింది, రంగుల దగ్గర రెండు వారాలుగా ఆగిపోయాను. బట్టలు, నగలు అమరావతి శిల్పాలు చూసి గీశాను కాబట్టి ఆకారం మీద ధైర్యం ఉంది, రంగుకే ఆధారం లేదు. చీవరాలకి, అంటే భిక్షువులు కట్టుకునే బట్టలకి, మెరిసే నారింజ, స్తూపానికి ఇప్పుడు కొండ మీద కనిపించే రాయి రంగు, వెనకాల సరుగుడు తోట, పక్కన ఎర్రగా పూసిన తురాయి చెట్టు వేశాను. అక్క బాగుందంది గానీ నాకు మాత్రం మొన్న తీసిన ఫొటోలా ఉంది. చదివేది స్కూలు పిల్లలు, తప్పు రంగు వాళ్ల మనసులో ఉండిపోతుందని టెన్షన్‌గా ఉంది.

భీమిలి రోడ్డు:
ఫొటోలా అనిపించేది ఆ చెట్ల వల్లేనండి. తురాయి మడగాస్కర్ చెట్టు, మన దేశానికి వచ్చింది 19వ శతాబ్దంలో. ఈ తీరంలో సరుగుడు తోటలూ అప్పుడు నాటడం మొదలెట్టినవే. జీడిమామిడి ఉంటే అదీ తీసేయండి, పోర్చుగీసు వాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చారు, వంట పేజీలో ఎండుమిరపకాయలూ అంతే. ఎరుపు కావాలంటే మోదుగ వేయండి, ఫాల్గుణంలో ఆకు రాలిన వంకర కొమ్మల మీద చిలక ముక్కుల్లాంటి పూలు, కాస్త నారింజ వైపు. ఒడ్డున తాటిచెట్లు చాలు.

అన్నిటికన్నా పెద్ద తప్పు స్తూపం. మనం చూస్తున్నది శిథిలం, 1976లో నేవీ ఏరియల్ సర్వేలో కంటపడి, 1988 నుంచి 1993 దాకా తవ్వితే బయటికొచ్చింది. మీ భిక్షువు రోజూ ప్రదక్షిణ చేసే చోటు అలా ఉండదు కదా! ఆ కాలపు స్తూపాలకి సున్నపు పూత ఉండేది. ఎండలో కళ్లు చిట్లించేంత తెల్లగా వేయండి, అడుగున మాత్రం జానెడు ఎత్తున, వాన చిందించిన ఎర్రమట్టి మరక. మా వీధిలో సున్నం కొట్టిన ప్రతి గోడకీ ఉంటుంది ఆ మరక.

వరాహ నది:
చీవరాల సంగతి నేను చెప్తాను. మా అమ్మమ్మది ఏటికొప్పాక, లక్క బొమ్మలకి రంగులు కాయడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. మీరు వేసిన ఆ మెరుపు, 1856లో పెర్కిన్ కృత్రిమ రంగు కనిపెట్టాక బట్టల్లోకి వచ్చింది. భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకంలో వాళ్లకి ఒప్పుకున్నవి చెట్ల వేళ్లు, మాను, బెరడు, ఆకు, పువ్వు, పండు, వీటి నుంచి తీసిన రంగులే. బెరడు కాచిన నీళ్లలో ముంచిన నూలుగుడ్డ పసుపుకీ గోధుమకీ మధ్య తేలుతుంది, మడతల్లో ముదురుగా ఉంటుంది, భుజం మీద ఎండకి వెలిసిపోతుంది. పదిమంది భిక్షువులుంటే పది ఛాయలు వేయండి, దయచేసి ఒకే స్వాచ్‌తో అందరికీ నింపేయొద్దు.

ఒక జాగ్రత్త, ప్రకృతి రంగే కదా అని జాఫ్రా గింజల నారింజ చూసి వేయకండి. మన్యంలో పండుతుంది గానీ అది అమెరికా ఖండపు మొక్క. వర్తకుడికి మాత్రం నీలిమందు నీలం, మంజిష్ఠ ఎరుపు ధైర్యంగా వేయండి, నీలిమందు అప్పట్లో రోమ్ దాకా వెళ్లిన సరుకు.

డాబాగార్డెన్స్ ప్రెస్:
ఇద్దరూ చెప్పింది నిజమే కానీ అన్నీ మట్టి రంగులైతే పిల్లలు పేజీ తిప్పరు, నేను ఒప్పుకోను. అజంతా 9, 10 గుహల్లో శాతవాహనుల కాలపు బొమ్మలున్నాయి, కావి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, మసి నలుపు, సున్నపు తెలుపు, వీటితోనే ఎంత నిండుగా ఉన్నాయో చూడండి. అలాగే స్తూపం తెలుపంటే కాగితం ఖాళీగా వదిలేయడం కాదు, నీడ వైపు పల్చటి నీలం పడాలి. స్క్రీన్ చూసి నమ్మొద్దు, సిఎంవైకెలో, అంటే ప్రెస్‌లో వాడే నాలుగు సిరాల్లో, ఒక పేజీ ప్రూఫ్ తీయించాకే మిగతావి వేయండి.

మధురవాడ బొమ్మలు:
అందరికీ చాలా థాంక్స్ అండి. తురాయి, సరుగుడు చెరిపేశాను, స్తూపం తెల్లగా చేస్తే వెనక సముద్రం రంగు కూడా మార్చాల్సి వచ్చింది, పేజీ అంతా తేటగా అయింది. వరాహ నది గారూ, మీ అమ్మమ్మ గారి ఊళ్లో బెరడు కాచిన నీళ్లు కాస్త దొరుకుతాయా? పాత పంచె ముక్క ముంచి, ఆదివారం పొద్దున్న కొండ మీద ఎండలో పరిచి చూసి రంగు పట్టుకుంటాను.