జిమ్నీకి 2 అంగుళాల లిఫ్ట్: చవక స్పేసర్లు సరిపోతాయా, స్ప్రింగులే మార్చాలా?

కందిచేను:
తాండూరు దగ్గర మాకు కొంత పొలం ఉంది. తారు రోడ్డు దిగాక 4 కిలోమీటర్ల బండ్లబాట. నల్లరేగడి కావడంతో వాన పడిందంటే ట్రాక్టర్ చక్రాలు జానెడు లోతు దిగి చాళ్లు పడతాయి. ఎండ కాస్తే ఆ చాళ్ల మధ్య మిగిలిన మిట్ట రాయిలా బిగుసుకుపోతుంది. ఐదు తలుపుల మారుతి జిమ్నీ కొని ఏడాదిన్నర అయింది. వెళ్లిన ప్రతిసారీ అడుగున తగులుతోంది, ఆ చప్పుడుకు ప్రాణం ఉసూరుమంటోంది. హైదరాబాద్‌లో ఒక దుకాణంలో లిఫ్ట్ గురించి, అంటే బాడీని 2 అంగుళాలు పైకి లేపడం గురించి అడిగితే స్ప్రింగుల పైన దిమ్మల్లా పెట్టే స్పేసర్లకు బిగింపుతో సహా 11 వేలన్నారు. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు కొత్తవి వేస్తే లక్షా 20 వేలట. చవకది వేయించుకుని తర్వాత బాధపడతానా? వాడినవారు చెప్పండి.

కొండదారి:
స్పేసర్లే వేయించండి. నా జిమ్నీకి 30 మిల్లీమీటర్లవి వేసి రెండేళ్లు కావస్తోంది. పాడేరు వైపు కాఫీ తోటల దారుల్లో వానాకాలమంతా తిరిగాను. కంపెనీ స్ప్రింగులు అలాగే ఉంటాయి కాబట్టి కుదుపుల్లో మార్పు లేదు. నచ్చకపోతే ఒక పూటలో విప్పేయవచ్చు. పొలానికి వెళ్లిరావడానికి లక్ష పైన ఖర్చు పెట్టమని ఎవరైనా చెబితే వినకండి.

పాత పానా:
నేను విజయవాడలో షెడ్డు నడుపుతాను. కొండదారి గారి బండి బాగుంది, సంతోషం. కానీ ఆ 30 మిల్లీమీటర్లు ఎక్కడినుంచి వచ్చాయో చెప్పకుండా వేయించుకోమనడం సరి కాదు.

స్పేసర్ స్ప్రింగును పొడవు చేయదు, గట్టిపరచదు, బాడీని పైకి నెడుతుందంతే. షాక్ అబ్జార్బర్ పొడవు మాత్రం పాతదే. అంటే చక్రం గుంతలోకి దిగడానికి ఇంతకుముందు ఉన్న జాగాలో దాదాపు అంత భాగం ముందే ఖర్చయిపోయింది. చదును రోడ్డు మీద ఇది తెలియదు. ఒక చక్రం చాలులోకి, ఇంకొకటి మిట్ట మీదికి వెళ్లినప్పుడు షాకు చివరికంటా సాగి ఆగిపోతుంది, చక్రం నేలను వదిలేస్తుంది. మీరు లిఫ్ట్ కోరుకున్నది సరిగ్గా అలాంటి చోటుకే కదా!

రెండోది బంప్ స్టాప్, అంటే ఇరుసు మరీ పైకి లేవకుండా ఆపే రబ్బరు దిమ్మ. స్పేసర్ ఎంత మందమో బంప్ స్టాపునూ అంత కిందికి దించాలి. 11 వేలలో అది ఉందో లేదో అడగండి. నిరుడు ఒక బండి ముందు స్ప్రింగులు విప్పాను. మధ్య చుట్లు ఒకదానికొకటి కొట్టుకుని నల్ల రంగు చెక్కుకుపోయింది, వేలి వెడల్పున ఉక్కు తళతళలాడుతోంది. దాని యజమాని ఆరు నెలలుగా సీటు కింద ఏదో వదులైందనుకుని మరలు బిగిస్తూ ఉన్నాడు.

జిమ్నీకి ముందూ వెనకా ఇరుసు ఒకే గట్టి కడ్డీలా ఉంటుంది. బాడీ లేస్తే ముందు ఇరుసును పట్టే చేతులు కిందికి వంగుతాయి, ఇరుసు కాస్త తిరుగుతుంది, స్టీరింగును తిన్నగా నిలిపే క్యాస్టర్ కోణం తగ్గుతుంది. హైవే మీద మలుపు తిప్పాక స్టీరింగు తనంతట తాను వెనక్కి రావడం తగ్గి తేలికగా ఊగుతుంది. ఇరుసును పక్కలకు కదలకుండా పట్టే పానార్డ్ రాడ్ దాన్ని కొద్దిగా ఒక పక్కకు లాగుతుంది. 30 మిల్లీమీటర్ల వరకు చాలామంది సర్దుకుపోతారు. 2 అంగుళాలంటే 50 మిల్లీమీటర్లు. అక్కడ క్యాస్టర్ సరిచేసే బుష్‌లు, సర్దుకునే పానార్డ్ రాడ్, పొడవైన షాకులు లేకుండా బండిని బయటికి పంపడానికి నాకు చేయి రాదు.

నల్లకోటు:
ఖర్చుతో పాటు చట్టం సంగతీ చూడండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఆ ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్‌లో యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగాక బీమా దగ్గర ఇది ఎంత ఇబ్బంది పెడుతుందో కక్షిదారుల వద్ద చూశాను.

చెరువుకట్ట:
కందిచేను గారూ, అడుగున తగులుతోందన్నారు. ఏది తగులుతోంది? ఇరుసు మధ్య గేర్లుండే డిఫరెన్షియల్ గుండు తగిలితే స్పేసర్లూ స్ప్రింగులూ రెండూ దండగే. ఆ ఇరుసు చక్రాలతోనే ఉంటుంది, మీరు బాడీని అడుగెత్తు లేపినా అది ఉన్నచోటే ఉంటుంది. దాన్ని పైకి లేపగలిగేది పెద్ద టైరు ఒక్కటే. ఈ ప్రశ్న ఎవరూ అడగకుండానే ధరల దాకా వెళ్లిపోయాం.

కందిచేను:
నిన్న పొలం నుంచి వచ్చాక గోనెసంచి పరిచి కిందికి దూరాను. వెనక గుండు అడుగున రంగు లేదు, నిలువుగా గీతలు, మధ్యలో ఎండుగడ్డి ఇరుక్కుని ఉంది. ముందు గుండుకూ అంతే. ఛాసిస్ మీద మాత్రం మట్టి పొర చెక్కుచెదరలేదు, వేలితో రాస్తే దుమ్ము రాలింది. అంటే లిఫ్ట్ వల్ల నాకు ఒరిగేదేమీ లేదా?

చెరువుకట్ట:
ఆ మిట్ట వరకు లిఫ్ట్ వల్ల లాభమేమీ లేదు. టైరు లెక్క కూడా చూడండి. కంపెనీ టైరు 195/80 ఆర్15. దాని స్థానంలో 215/75 వేస్తే ఎత్తు పెరిగేది 5 మిల్లీమీటర్లే. 235/75 వేస్తే 20 వస్తాయి, కానీ 1.5 లీటర్ల ఇంజన్‌కు ఆ బరువు తెలుస్తుంది, మీటరు 80 చూపినప్పుడు మీరు దాదాపు 85లో ఉంటారు. నల్లకోటు గారు చెప్పిన చిక్కు దానికీ ఉంది.

కొండదారి:
గుండు విషయంలో ఒప్పుకుంటున్నాను, నేనే ముందు అడగవలసింది. కానీ లిఫ్ట్ దండగ అనే మాట ఒప్పుకోను. ఐదు తలుపుల జిమ్నీ వీల్‌బేస్, అంటే ముందు వెనక ఇరుసుల మధ్య దూరం, 2,590 మిల్లీమీటర్లు, మూడు తలుపులదాని కంటే 340 ఎక్కువ. అందుకే గట్టు దాటేటప్పుడు కడుపు తగిలే కోణం 24 డిగ్రీలే. 40 మిల్లీమీటర్లు లేపితే అందులో సుమారు 3 డిగ్రీలు కలుస్తాయి. నేను తిరిగే దారుల్లో చాళ్లు తక్కువ, రాతి మెట్లు ఎక్కువ. నాకు స్పేసర్ పనికొచ్చింది అందుకే.

పాత పానా:
ఇది న్యాయమైన మాట. అయితే బంప్ స్టాపులు దించారా లేదా, ఈ వారం చూసుకోండి.

ఎర్రమట్టి:
నాది 2020 తర్వాతి మహీంద్రా థార్. అందులో ముందు చక్రాలు విడివిడిగా కదులుతాయి, ముందు గుండు ఛాసిస్‌కే ఉంటుంది, కాబట్టి లిఫ్ట్‌తో అది కూడా లేస్తుంది. వెనక ఇరుసు మాత్రం జిమ్నీలాగే. ముందు లేపితే చక్రానికి వెళ్లే షాఫ్టులు వంకరగా తిరిగి రబ్బరు తొడుగులు త్వరగా పగులుతాయి. జిమ్నీ లెక్క దీనికి, దీని లెక్క జిమ్నీకి పెట్టవద్దు.

పాత పానా:
కందిచేను గారూ, 4 కిలోమీటర్ల బాటే కదా. ఎండాకాలం చివర, దుక్కికి ముందు, ట్రాక్టర్‌కు బ్లేడు కట్టి ఆ మిట్ట చెక్కించండి. చాళ్లు పూడుతాయి, ఆ దారిన పోయే అందరి బళ్లకూ పనికొస్తుంది. నా షెడ్డుకు రావలసిన డబ్బు పోతుందని తెలిసే చెబుతున్నాను.

కందిచేను:
ఆ బాట వాడే ముగ్గురు రైతులతో మాట్లాడాను. ఇద్దరు డీజిల్ ఖర్చు పంచుకుంటామన్నారు, మూడో ఆయన తన ట్రాక్టరే ఇస్తానన్నాడు. వచ్చే ఆదివారం చెక్కిస్తున్నాం. స్పేసర్లు వద్దని దుకాణానికి ఫోను చేసి చెప్పేశాను. కొండదారి గారూ, మా పొలం మొదట్లో కాలువ గట్టు ఒకటి ఉంది. దాని మీద కడుపు తగులుతుందో లేదో ఈసారి దిగి చూసి రాస్తాను.